నల్లపూస పాపమా?

సంక్రాంతి సెలవులొస్తే మన పల్లెల చర్చిల ముందు ఒక వ్యాను ఆగుతుంది. అందులోంచి పాతికేళ్ళు నిండని తెల్ల పిల్లలు దిగుతారు. అమెరికాలో తమ చర్చివాళ్ళకు ఉత్తరాలు రాసి, చందాలు పోగేసుకుని, దేవుడు పిలిచాడని వస్తారు. పది రోజులో పదిహేను రోజులో ఉంటారు. పాటలు నేర్పుతారు, ఆటలాడిస్తారు, మన పదమూడేళ్ళ, పదిహేనేళ్ళ పిల్లల్ని ఒక్కొక్కర్ని పక్కన కూచోబెట్టుకుని కౌన్సిలింగు చేస్తారు. వాళ్ళ మనసు మంచిది కాదని మేమనడం లేదు. మన పిల్లల తల మీద చెయ్యి వేసి, భుజాన చెయ్యేసి పక్కన కూచునేవాళ్ళు ఈ దేశంలో ఎంతమంది? ఆ మాట మరిచిపోయి రాయడం లేదు మేము.

అయినా రాయక తప్పడం లేదు. మొన్న మా వైపు ఒక హాస్టల్లో జరిగింది చెప్తాం. ఊరు పేరు, పిల్ల పేరు రాయం.

ముందు పూసల సంగతి. వచ్చినవాళ్ళు పిల్లలందరికీ దారానికి రంగు పూసలు గుచ్చి చేతికి కట్టారు. నలుపు పాపం, ఎరుపు యేసు రక్తం, తెలుపు కడిగిన హృదయం, ఆకుపచ్చ ఎదుగుదల, పసుపు పరలోకం. ఇదేం కొత్తది కాదు. 1866లో లండన్‌లో స్పర్జన్ ప్రసంగంలో చెప్పిన మూడు రంగుల అక్షరాల్లేని పుస్తకం నుంచి వచ్చింది. తర్వాత వాళ్ళూ వీళ్ళూ మిగతా రంగులు కలిపారు. నూటయాభై ఏళ్ళు దాటినా నలుపు మాత్రం పాపం దగ్గరే ఆగిపోయింది. ఒక పిల్ల లేచి, "నల్లపూసలు మా అమ్మ మెళ్ళో ఉన్నయ్యి గదా?" అంది. అందరూ నవ్వారు. ఆ దొరసాని కూడా నవ్వింది, ఏం నవ్వుతున్నారో తెలియక. బళ్ళో "కర్రోడా", "నల్లదానా" అనిపించుకునేది మన పిల్లలే. చర్చిలో కూడా నలుపంటే పాపమేనని చెప్పించుకోవాలా?

ఇక అసలు సంగతి. తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఒకతి కౌన్సిలింగులో ఏడ్చింది. తనకు రెండు పేర్లున్నాయి. చర్చి రిజిస్టర్లో బైబిలు పేరు, బడి రిజిస్టర్లో హిందూ పేరు. "దేవుని ముందు నేను అబద్ధమాడుతున్నానా?" అనడిగింది. పక్కన తర్జుమా చేసేవాడు ఆ పిల్ల కులం మాట చెప్తే ఆ మాట మింగేశాడు. ఎందుకు మింగాడో మనకు తెలుసు. చర్చిలో కులం ఉందని దొరలకు తెలిస్తే పరువు తక్కువ గదా! కులం తీసేశాక మిగిలిందేమిటి? ఒక పిల్ల రెండు పేర్లతో అబద్ధమాడుతోంది, అంతే. దానికా అమ్మాయి తనకు తెలిసిన జవాబే చెప్పింది. అబద్ధం పాపం, ఒప్పుకో, ఒక్క పేరుతో నిలబడు అంది. ఇద్దరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. తెల్లారి వ్యాను వెళ్ళిపోయింది.

పిల్ల ఇంటికొచ్చి ఎస్సీ సర్టిఫికెట్టు చించెయ్యమని తండ్రి మీద పడింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. పొగాకు గ్రేడింగుకు పోయి కూలి తెచ్చే తండ్రిని "దొంగవి" అంది. ఆయన మా దగ్గరికొచ్చి, "అయ్యా, నేనేం దొంగతనం చేశాను?" అని కూలబడ్డాడు.

ఆయన చేసిన దొంగతనమేంటో మేం చెప్తాం. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుణ్ణి, ముస్లింని వదిలేశారు. ఆంధ్రలో క్రైస్తవుడైన మాల మాదిగలను బీసీ-సీ కింద పెట్టి ఒక్క శాతం పారేశారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మతానికీ ఎస్సీ హోదాకూ ముడి తెంపమంది. 2023 మార్చిలో మన అసెంబ్లీ దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఏమంది? బాప్తిస్మం తీసుకుని చర్చికి పోతూ రిజర్వేషను కోసం హిందువునంటే అది రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమేనంది. 2025లో మన హైకోర్టు ఒక పాస్టరు కేసులో క్రైస్తవుడయ్యాక అట్రాసిటీ చట్టం వర్తించదంది. కారంచేడులో 1985లో గొడ్డళ్ళతో వచ్చినవాళ్ళు ముందు బాప్తిస్మం సర్టిఫికెట్టు చూపించమన్నారా?

ఈ బరువంతా ఆ పద్నాలుగేళ్ళ పిల్ల నెత్తిన ఉంది. దాన్ని ఆమె పాపమని చెప్పి వెళ్ళిపోయారు.

ఇక్కడొక మాట. మతమార్పిడి మతమార్పిడి అని అరిచేవాళ్ళు ఇది చదివి చంకలు గుద్దుకోవద్దు. మీరు తెల్లోణ్ణి తరమడానికి వస్తారు గానీ, మా పిల్లకు రెండు పేర్లెందుకొచ్చాయో ఏనాడూ అడగలేదు. మీకూ మాకూ పొత్తు లేదు.

మరి మిషనరీలందరూ ఇలాగే వచ్చి పోయారా? లేదు. క్లౌ దొర 1865లో వచ్చాడు, మరుసటేడు ఒంగోలు చేరాడు. ఆయనకు మన సంగతులు నేర్పింది ఎవరు? యెర్రగుంట్ల పేరయ్య, మన మాదిగ పెద్ద. దొర ఆయన్ను వెతుక్కుంటూ పోలేదు, ఆయనే దొరను వెతుక్కుంటూ వచ్చాడు. మాదిగలను చేర్చుకోకుంటే మేం వస్తామని పై కులాలవాళ్ళు బేరం పెడితే దొర ఒప్పుకోలేదు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని జనానికి పని పెట్టాడు. తిండి కోసం మతం అనే మాట రాకూడదని ఆ కరువంతా బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. ఆయనలోనూ తప్పులున్నాయి, మన డప్పును మాన్పించిన పాపం ఆ మిషన్లదే. కానీ తెలుగు నేర్చుకున్నాడు, ఏళ్ళకేళ్ళు ఉన్నాడు, కులమంటే ఏంటో అడిగి తెలుసుకున్నాడు.

మనవాడూ విదేశం పోయాడు. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారిని తెలుగు బాప్టిస్టులే దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పంపారు. కియర్స్‌నీ తేయాకు తోటల్లో, చెరుకు తోటల్లో ఒప్పందపు కూలీలుగా పోయిన మనవాళ్ళ మధ్య సంఘాలు కట్టాడు. 1915లో పోయేదాకా వాళ్ళతోనే. ఆయనకు తర్జుమా అక్కర్లేదు. కూలోడు తల వంచుకుంటే ఎందుకు వంచుకున్నాడో ఆయనకు తెలుసు. అంత దూరం పోయి మనవాళ్ళ మధ్య కూచున్నాడాయన. మన ఊళ్ళో మన పిల్లల దగ్గర కూచోవడానికి మనకు తీరికలేదా?

తప్పు మనదీ ఉంది. ఆ పిల్లకు పేర్ల సంగతి ఇంట్లో ఎవరూ చెప్పలేదు. సిగ్గుపడి దాచారు. పాస్టరు చెప్పలేదు. సంఘం పెట్టి మీటింగులు నడిపే మేమూ చెప్పలేదు. అంబేద్కర్ జయంతికి పిల్లల్ని నడిపిస్తాం, జెండా పట్టిస్తాం, వాళ్ళేం దిగమింగుతున్నారో అడగం.

అందుకని పాస్టరు గార్లను కలిసి చెప్పబోతున్నాం. వచ్చేవాళ్ళు రానీండి. పిల్లల్ని మాత్రం వాళ్ళకొదిలి మీరు వంటల దగ్గరికి పోవద్దు. పక్కన మన పల్లె మనిషి ఒకరుండాలి, ఆడపిల్లైతే ఆడమనిషి. తర్జుమా చేసేవాడు కులం మాట వస్తే కులమనే చెప్పాలి. వచ్చినవాళ్ళు మొదటి రోజు మాట్లాడకుండా మన ముసలమ్మల దగ్గర కూచుని వినాలి. నల్లపూసకు వేరే అర్థం వెతుక్కుంటారో, ఆ పూస తీసేస్తారో వాళ్ళిష్టం.

ఆ పిల్ల ఇప్పుడు అన్నం తింటోంది. తండ్రితో మాట్లాడుతోంది. నాలుగు ఆదివారాలు మా అక్కలు పోయి ఆమె పక్కన కూచున్నారు, 1950 ఉత్తర్వు చదివి వినిపించారు. మొదట నమ్మలేదు. "మరి వాళ్ళకి ఇది ఎవురూ చెప్పలేదా?" అంది. వచ్చే సంక్రాంతికి వ్యాను వస్తే తర్జుమా తనే చేస్తానని ఇంగ్లీషు గట్టిగా చదువుతోంది.