ఫలితం చూసి పుట్టే ప్రతిపక్షం

మోండా మార్కెట్ డివిజన్ 2016లో టీఆర్‌ఎస్ కార్పొరేటర్‌ను గెలిపించింది. 2018 డిసెంబర్‌లో ఆ డివిజన్ ఉన్న సనత్‌నగర్ నియోజకవర్గం టీఆర్‌ఎస్ ఎమ్మెల్యేనే అసెంబ్లీకి పంపింది. ఆరు నెలలు తిరక్కముందే సికింద్రాబాద్ లోక్‌సభ స్థానం బీజేపీకి దక్కింది. 2020లో మోండా కార్పొరేటర్ కూడా బీజేపీయే. 2023లో సనత్‌నగర్ మళ్లీ కారెక్కింది, 2024లో సికింద్రాబాద్ మళ్లీ కమలానికే పట్టం కట్టింది. ఈ వరుస చూసి లష్కర్ (సికింద్రాబాద్) ఓటరుకు నిలకడ లేదని పెదవి విరిచేవాళ్లున్నారు. ఓటరుకు ఏ ఎన్నిక దేనికోసమో బాగానే తెలుసు. తెలియనిది ప్రతిపక్షాలకే. ప్రతి ఓట్ల లెక్కింపు తర్వాత తామెవరో, దేనికోసం కొట్లాడుతున్నామో అవి కొత్తగా తేల్చుకుంటాయి. తెలుగు రాజకీయాలకు పట్టిన జబ్బు ఇదేనని మా అభిప్రాయం.

కేసీఆర్ రెండో విడత పాలన ఇందుకు చక్కని రుజువు. రైతుబంధు, ఆసరా పింఛన్లు, కల్యాణలక్ష్మి ఇళ్లలోకి డబ్బు తెచ్చాయి, ఆ కృతజ్ఞత నిజం. సచివాలయానికి రాని ముఖ్యమంత్రి, సామాన్యుడికి తెరుచుకోని ప్రగతి భవన్ గేట్లు, 2017లో మూతపడ్డ ఇందిరా పార్కు ధర్నాచౌక్ పుట్టించిన కోపమూ అంతే నిజం. రెండూ ఒకే ఇంట్లో, చాలాసార్లు ఒకే మనిషిలో ఉండేవి. ఇలాంటి జనాకర్షక నేతను ఎదిరించడం కష్టమైన పని. కోపాన్ని పేరుపెట్టి పిలవాలి, కృతజ్ఞతను కించపరచకూడదు. ఆ ఓపిక లేని పార్టీలు జనం నిజంగా కోపంగా ఉన్నారా లేదా అన్నది ఏదో ఒక ఉప ఎన్నిక చెబుతుందని ఎదురుచూస్తూ కూర్చున్నాయి.

2019 అక్టోబర్‌ను గుర్తు చేసుకోవాలి. 5వ తేదీ నుంచి ఆర్టీసీలో సుమారు 48 వేల మంది కార్మికులు సమ్మెకు దిగారు. గడువులోగా రాని వాళ్లు తమ ఉద్యోగాలు తామే వదులుకున్నట్టని ముఖ్యమంత్రి ప్రకటించారు. పండగ పూట జీతాలు ఆగిపోయాయి. ఖమ్మంలో ఒక డ్రైవర్ ఒంటికి నిప్పంటించుకుని ప్రాణం తీసుకున్నారు. 19న రాష్ట్ర బంద్ జరిగింది. హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో టీఆర్‌ఎస్‌కు ఇస్తామన్న మద్దతును సీపీఐ వెనక్కి తీసుకుంది. అప్పటిదాకా చెల్లాచెదురుగా ఉన్న పార్టీలన్నీ డిపో గేట్ల ముందు ఒకే షామియానా కింద కూర్చున్నాయి. తెలంగాణ వచ్చాక కేసీఆర్‌కు ఎదురైన మొదటి గట్టి సవాలు అదే.

24న హుజూర్‌నగర్ ఫలితం వచ్చింది. అప్పటి పీసీసీ అధ్యక్షుడు ఉత్తమ్‌కుమార్ రెడ్డి ఖాళీ చేసిన సీటు, పోటీలో ఆయన భార్య పద్మావతి. టీఆర్‌ఎస్ 43 వేలకు పైగా మెజారిటీతో గెలిచింది. అదే రోజు కేసీఆర్ విలేకరుల ముందుకొచ్చి ఆర్టీసీ పని అయిపోయినట్టే మాట్లాడారు. హుజూర్‌నగర్ ఓటరును ఆర్టీసీ గురించి ఎవరూ అడగలేదు. అది ఒక నియోజకవర్గానికి ఎమ్మెల్యేను ఎన్నుకునే పోలింగ్. అయినా ఆ అంకెను సమ్మెపై తీర్పుగా చదివింది ముఖ్యమంత్రి ఒక్కరే కాదు, ప్రతిపక్షాలూ అలాగే చదివాయి. తర్వాత నెల రోజులూ కార్మికులు పోరాడారు, ట్యాంక్‌బండ్‌కు వచ్చి లాఠీ దెబ్బలు తిన్నారు, నాయకుల గొంతులో మాత్రం తడి ఆరిపోయింది. 52 రోజుల తర్వాత షరతుల్లేకుండా సమ్మె ముగిసింది. విధుల్లోకి రమ్మన్న దయ కూడా ముఖ్యమంత్రిదే అయింది. ప్రగతి భవన్‌లో వాళ్లకు భోజనం పెట్టి మరీ ఆ పేరు సంపాదించుకున్నారు. ఒక్క ఉప ఎన్నిక ఫలితానికి ఒక ప్రజా ఉద్యమాన్ని అప్పగించేసిన ప్రతిపక్షం ఆ తర్వాత ఎన్ని పాదయాత్రలు చేస్తే ఏం లాభం?

తిరుగులేని నేత అనుకున్న కేసీఆర్ ఏడాది తిరిగేసరికి తడబడ్డారు. 2020 నవంబర్‌లో దుబ్బాకలో బీజేపీ 1,079 ఓట్లతో నెగ్గింది. నెల తిరక్కుండా హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికలు. అక్టోబర్ వరదలు కాలనీలను ముంచెత్తి వెళ్లాయి. పది వేల రూపాయల సాయం కోసం మీసేవ కేంద్రాల ముందు జనం బారులు తీరి ఉండగానే ఎన్నికల సంఘం పంపిణీ ఆపించింది. డిసెంబర్ 4న పెట్టెలు తెరిస్తే, 2016లో 99 గెలిచిన టీఆర్‌ఎస్ 50ల్లోకి జారింది, 4 గెలిచిన బీజేపీ 48కి ఎగబాకింది. ఓట్ల శాతంలో రెండింటి మధ్య తేడా అర శాతం కూడా లేదు. కాంగ్రెస్‌కు దక్కినవి రెండు. ఆ రాత్రే ఉత్తమ్ రాజీనామా ప్రకటించారు. తెల్లారేసరికి కేసీఆర్‌కు అసలు ప్రత్యామ్నాయం బీజేపీయేనని పత్రికలు (మాతో సహా) రాసేశాయి.

కూరగాయలు, పూలు, అరటిపండ్లు, ఎండుచేపలు, పూజసామాను పక్కపక్కనే అమ్ముడయ్యే మోండా సందుల్లో తక్కెడ అందరికీ తెలిసిన వస్తువు. అది బరువు చెబుతుంది, సరుకు పుచ్చో పుష్టో చెప్పదు. 2020 ఫలితమూ అంతే. నగరంలో సగం మంది కూడా ఓటు వేయలేదు. వేసినవాళ్లలో కొందరిది నాలాల మీద కోపం, కొందరిది ఎల్‌ఆర్‌ఎస్ ఫీజుల మీద, కొందరిది మతం, కొందరిది లాక్‌డౌన్‌లో దుకాణం మూసుకున్న కడుపుమంట. అవన్నీ కలిసి 48 అయ్యాయి. ఆ 48 వెనుక ఉన్న కారణాలను విడదీసి చూసిన పార్టీ ఒక్కటీ లేదు. అందుకే మూడేళ్ల తర్వాత అదే నగరంలో బీజేపీకి దక్కింది గోషామహల్ ఒక్కటే. సనత్‌నగర్‌లో ఆ పార్టీ అభ్యర్థి మర్రి శశిధర్ రెడ్డి ఓడిపోయారు. దశాబ్దాలు కాంగ్రెస్‌లో ఉన్న ఆయనకు 2018లో టికెట్ దక్కలేదు, మహాకూటమి లెక్కల్లో ఆ సీటు టీడీపీకి వెళ్లింది. అంటే సనత్‌నగర్‌లో కేసీఆర్‌ను వద్దనుకున్నవాడు 2018లో సైకిల్‌కు, 2023లో మాజీ కాంగ్రెస్ నేత చేతిలోని కమలానికి ఓటేయాలి. రెండుసార్లూ తలసాని శ్రీనివాస్ యాదవ్ గెలవడంలో ఆశ్చర్యమేముంది?

ఈ మధ్యలో హుజూరాబాద్ ఉప ఎన్నికలో ఈటల రాజేందర్ గెలవగానే బీజేపీకి మళ్లీ ఊపొచ్చింది, కాంగ్రెస్‌కు డిపాజిట్ దక్కలేదు. దళితబంధు ఆ ఉప ఎన్నిక ముంగిటే పుట్టిందన్నది ఎవరూ మరచిపోలేదు. ఏడాదికి మునుగోడులో బీజేపీ ఓడింది, ఊపు తగ్గింది. 2023 మేలో కర్ణాటకలో కాంగ్రెస్ 135 సీట్లు గెలవడంతో గాలి దిశే మారిపోయింది. బెంగళూరు ఫలితం చూసి ఖమ్మం, మహబూబ్‌నగర్ నేతలు గాంధీభవన్ మెట్లెక్కారు. బీజేపీ ఎన్నికలకు కొన్ని నెలల ముందు రాష్ట్ర అధ్యక్ష పదవి నుంచి బండి సంజయ్‌ను తప్పించింది. చివరికి డిసెంబర్ 3న కాంగ్రెస్ 64 సీట్లతో గెలిచింది, హైదరాబాద్ జిల్లాలోని 15లో మాత్రం ఒక్కటీ గెలవలేదు. కేసీఆర్‌ను మొదట వణికించిన నగరం ఆయనను ఓడించలేదు. ఓడించింది పల్లెలు.

సరిహద్దు దాటితే ఇదే కథ తిరగబడి కనిపిస్తుంది. 2021లో ఆంధ్రప్రదేశ్ స్థానిక ఎన్నికలన్నీ జగన్‌వే. టీడీపీ పరిషత్ ఎన్నికలను బహిష్కరించింది, నవంబర్‌లో కుప్పం మున్సిపాలిటీనే పోగొట్టుకుంది. ఆ ఫలితాలు చూసి ఆ పార్టీ పని అయిపోయిందన్నవాళ్లకు లెక్కలేదు. 2023 మార్చిలో మూడు పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానాలూ టీడీపీ గెలిచేసరికి మాట మారింది. 2024లో జగన్ పార్టీ 151 సీట్లు కాస్తా 11 అయ్యాయి. స్థానిక ఎన్నికల్లో పడిన మౌనం సమ్మతి కాదని, భయం, లెక్క, ఎదురుచూపు కలిసిన మౌనమని అప్పుడు తెలిసింది. హైదరాబాద్ పాఠం వేరే దేశంలోనూ కనిపిస్తుంది. తుర్కియేలో ఇస్తాంబుల్ మేయర్ పదవిని 2019లో సుమారు 13 వేల ఓట్లతో గెలిచిన ప్రతిపక్ష నేత ఇమామోగ్లు, ఎన్నిక రద్దు చేసి మళ్లీ పెడితే 8 లక్షల మెజారిటీ తెచ్చుకున్నారు. అయినా 2023 అధ్యక్ష ఎన్నికలో ఆరు ప్రతిపక్ష పార్టీల కూటమి ఎర్దోగాన్ ముందు నిలవలేకపోయింది. నగరం ఇచ్చిన గెలుపును దేశం ఇచ్చిన తీర్పనుకుంటే జరిగేది అదే.

ఇక్కడ మరో రోగం కూడా ఉంది. ఫలితం వచ్చాక దాన్ని చేతులారా మార్చేసుకోవడం. 2014లో సనత్‌నగర్ తలసానిని సైకిల్ గుర్తు మీద గెలిపించింది. ఆ డిసెంబర్‌కల్లా ఆయన కేసీఆర్ మంత్రివర్గంలో ఉన్నారు. రాజీనామా లేఖ ఇచ్చానన్నారు, అది ఆమోదం పొందలేదు, ఉప ఎన్నికా రాలేదు. 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్‌ఎస్‌లో ‘విలీనం’ అయ్యారు. 2023 తర్వాత ప్రవాహం వెనక్కి తిరిగింది. ఖైరతాబాద్‌లో కారు గుర్తుపై గెలిచిన దానం నాగేందర్, ఎమ్మెల్యే పదవి వదలకుండానే 2024 మేలో మోండా ఓటరు ముందు హస్తం గుర్తుతో నిలబడ్డారు. అంతకుముందే నగర మేయర్ గద్వాల విజయలక్ష్మి కూడా కాంగ్రెస్‌లో చేరారు. 2020లో రెండు డివిజన్లు గెలిచిన పార్టీకి ఒక్క ఓటూ పడకుండా మేయర్ కుర్చీ వచ్చింది! ఫిరాయింపులకు తలుపులు తెరిచిన బీఆర్‌ఎస్ (నాటి టీఆర్‌ఎస్) ఇవాళ గుండెలు బాదుకోవడం చూస్తే నవ్వొస్తుంది. అలాగని కాంగ్రెస్ చేసింది ఒప్పయిపోదు. ఎమ్మెల్యేల అనర్హత పిటిషన్లను మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి రావడమే సిగ్గుచేటు.

ఓడినవాళ్ల తీరు కూడా తీసిపోలేదు. 2023 తర్వాత కేసీఆర్ శాసనసభలో కనిపించిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 11 మందితో మిగిలిన జగన్‌కు ప్రతిపక్ష నేత హోదా కావాలి, అది లేదని సభకు దూరం. 1955 ఆంధ్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులకు 31 శాతం ఓట్లొచ్చాయి, దక్కినవి మాత్రం 15 సీట్లు. అంతకంటే అన్యాయంగా అనిపించే ఫలితం ఈ నేల మీద అరుదు. ఆ ఎన్నికల్లో గన్నవరం నుంచి గెలిచిన పుచ్చలపల్లి సుందరయ్య సభకు ముఖం చాటేయలేదు. అంకెలు తీసుకుని వచ్చి, సేద్యపు నీటి గురించి, భూమి గురించి మంత్రులను నిలదీశారు. హోదా ఇస్తేనే మాట్లాడతానంటే ఆయన గొంతు ఎవరికి వినిపించేది?

కాబట్టి మేము అడిగేవి స్పష్టం. కేసీఆర్, జగన్ ఇద్దరూ ప్రతి సమావేశానికీ రావాలి, ప్రశ్నలు వేయాలి, లేదా ఆ బాధ్యత చేయగలవాళ్లకు వదిలి తప్పుకోవాలి. రేవంత్ ప్రభుత్వాన్ని ఎదిరించే పార్టీలు తమ అజెండాను వచ్చే ఉప ఎన్నిక మెజారిటీకి తాకట్టు పెట్టకూడదు. గ్యారంటీల మీద మాట్లాడేది ఉంటే గెలిచిన మర్నాడూ, ఓడిన మర్నాడూ అదే మాట్లాడాలి. కండువా మార్చిన ప్రతి ఒక్కరూ రాజీనామా చేసి, ఆ కొత్త కండువాతోనే ఓటు అడగాలి. స్పీకర్ల కుర్చీల కింద ఏళ్ల తరబడి ఫైళ్లు నానబెట్టే అలవాటుకు పార్లమెంటు చట్టంలోనే గడువు పెట్టి ముగింపు పలకాలి. 2014లో సనత్‌నగర్ ఓటరుకు రావాల్సిన ఉప ఎన్నిక ఇప్పటికీ బాకీయే.