అమ్మ తలనొప్పి, పాత హెరాల్డు

మా ఇంట్లో 1966 నాటి స్టాండర్డ్ హెరాల్డ్ కారొకటి ఉంది. బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో మేముండగా, పదవీ విరమణ చేసి ఊరు విడిచి వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరు గారి దగ్గర మా నాయిన కొన్నాడు. నాయిన పోయాక కూడా అది ఇంట్లోనే ఉండిపోయింది. అమ్మను నెలకోసారి నిజామాబాదు ఆసుపత్రికి తీసుకుపోయేది దానిలోనే.

పాత కార్ల ముచ్చట వస్తే మనవాళ్ళు అంబాసిడర్, ఫియట్‌ల దగ్గరే ఆగిపోతారు. హెరాల్డును స్పోర్ట్స్ కారంటే నవ్వేవారూ ఉన్నారు. నవ్వనీయండి. ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డే మద్రాసులో 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డుగా తయారైంది. రూపం గీసినవాడు ఇటలీకి చెందిన మికెలొట్టి. ఆ చట్రాన్నే కురచచేసి దానిమీద 1962లో స్పిట్‌ఫైర్ అనే అసలు సిసలు స్పోర్ట్స్ కారును నిలబెట్టారు. మాది ఆ వంశంలోదే, కాకపోతే సంసారపక్షం.

దీని నిర్మాణంలో ఒక విశేషముంది. చట్రం వేరు, పైదేహం వేరు. ఆ పైదేహం కూడా ఒకే ముక్క కాదు. భాగాలుగా చేసి బోల్టులతో బిగించినది. పైకప్పును సైతం విప్పి పక్కన పెట్టవచ్చు. బానెట్టు ముందు రెక్కలతో సహా ముందుకు వాలి తెరుచుకుంటుంది. విప్పగలిగిన బండి కనుక అతుకులు ఎక్కువ, అతుకులు ఎక్కువ కనుక నీటికీ దుమ్ముకూ పొగకూ దారులెక్కువ. ఈ చివరి మాట అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

రెండేళ్ళ క్రితం అమ్మ, "కొడుకా, ఈ బండెక్కితే తలకాయ నొస్తున్నది" అంది. నేను రక్తపోటు అనుకున్నాను. మరోసారి, "పొగ వాసనొస్తున్నది" అంది. పాత బండికి ఆమాత్రం వాసన సహజమేనని సర్దిచెప్పి, ఆమె వైపున్న ముక్కోణపు చిన్న అద్దాన్ని కాస్త ఓరగా తెరిచి, గాలి తగులుతుంది కూర్చోమన్నాను. ఇది ఎంత తెలివితక్కువ పనో మున్ముందు చెబుతాను.

హైదరాబాదులో ఉండే మా తమ్ముడి సలహా వేరు. రేకంతా కోసి కొత్తది అతికించి, మారుతి ఇంజను దించి, ఏసీ పెట్టించి, మెరిసే రంగు కొట్టిద్దామన్నాడు. ఊళ్ళో మేస్త్రీ కూడా దాదాపు అదే మాట: "సార్, గింత చిన్న పనికి బండి షెడ్డుల పెట్టుకుంటే నాకేం గిట్టుబాటైతది? మొత్తం రంగు కొట్టిస్తనంటే చెప్పుండ్రి." ఆయనను తప్పుపట్టలేను. పొగ ఎక్కడినుంచి వస్తోందో వెతకడానికి ఒక పూటంతా పట్టవచ్చు, చివరికి దొరికేది పది రూపాయల రబ్బరు ముక్క కావచ్చు. ఆ పూటకు కూలి ఎవరిస్తారు? రంగుకైతే ఇస్తారు, ఎందుకంటే అది నలుగురికీ కనబడుతుంది.

చివరికి నేనే మొదలుపెట్టాను. డిక్కీ మూతకూ దాని రబ్బరుకూ నడుమ సన్నని కాగితం ముక్క పెట్టి, మూసి, లాగి చూశాను. రబ్బరు గట్టిగా పట్టి ఉంటే కాగితం సులువుగా రాకూడదు. కుడివైపు జానెడు మేర కాగితం వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేసింది. రాత్రి అమావాస్య చీకట్లో బండి లోపల టార్చి పెట్టి బానెట్టు వైపునుంచి చూస్తే, ఇంజనుకూ మనకూ నడుమ ఉన్న అడ్డురేకులో తీగలు దూరే చోట రబ్బరు గుబ్బలు ఊడిపోయి, చుక్కలు చుక్కలుగా వెలుగు. గేర్‌బాక్సును కప్పే మూత ఈ కారులో రేకు కాదు, అట్టలాంటి పదార్థం, చుట్టూ స్క్రూలుంటాయి. అంచు కింది స్పాంజి పొడిపొడి అయిపోయింది. ఇంజను వేడి, దానితోపాటు వాసన, నేరుగా కాళ్ళ దగ్గరికి వస్తున్నాయి.

ఇక ఆ ముక్కోణపు అద్దం సంగతి. దాన్ని ఓరగా తెరిస్తే లోపలి గాలిని బయటికి లాగుతుంది. పూర్తిగా తిప్పి ఎదురుగాలికి అడ్డం పెడితేనే బయటి గాలిని లోపలికి తోస్తుంది. పరుగెత్తే కారు వెనక ఎప్పుడూ ఒత్తిడి తక్కువ ఉంటుంది, సైలెన్సరు వదిలిన పొగ అక్కడే సుడి తిరుగుతుంది. లోపలి గాలిని ముందునుంచి లాగేస్తే ఆ ఖాళీ ఎక్కడో ఒకచోటినుంచి నిండాలి కదా. సడలిన డిక్కీ రబ్బరులోంచి నిండింది. అంటే, అమ్మకు ఉపశమనమని నేను చేసిన ఏర్పాటే ఆమె ముఖం మీదికి పొగను పిలిచింది. పెట్రోలు పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన లేదు. మనకు తెలిసే వాసన దానితోపాటు వచ్చే తక్కిన వాయువులది. తలనొప్పి మొదటి హెచ్చరిక. రక్తపోటు అనుకొని నేను తిప్పిన నెలలన్నీ గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మొదట సైలెన్సరు గొట్టపు అతుకు దగ్గర కొత్త గ్యాస్కెట్ వేయించాను. తరవాత డిక్కీ రబ్బరు: నిజామాబాదులో లారీ క్యాబిన్లకు వేసే బీడింగును ఫీట్ల లెక్కన అమ్ముతారు, సరిపోయేది ఏరుకున్నాను. గేర్‌బాక్సు మూత కింద కొత్త స్పాంజి, తీగల చోట కొత్త గుబ్బలు. ఖర్చు మొత్తం కలిపినా తమ్ముడు చెప్పిన రంగు ఖర్చులో ఇరవయ్యోవంతు కాలేదు.

తలుపుల దగ్గర మాత్రం గుండె కలుక్కుమంది. తలుపు అద్దం పక్కనుంచి వాననీరు లోపలికి దిగడం సహజం. అది పోవడానికే అడుగున చిన్న రంధ్రాలుంటాయి. చెరకు తోటల బాటల దుమ్ము రాకుండా ఎప్పుడో ఎవరో ఆ రంధ్రాలను ఎంసీల్‌తో మూసేశారు. గీకి తెరిస్తే నల్లటి బురద జారింది. ఆ నలుపు నేనెరిగినదే. గానుగ కాలంలో చెరకు పిప్పి కాల్చే బాయిలర్ల నుంచి లేచి, మా క్వార్టర్ల దండేల మీది తెల్లబట్టలపై వాలే నుసి అది. 1937లో మొదలైన ఆ ఫ్యాక్టరీ 2015లో మూతబడింది. మొలాసిస్ వాసన లేని చలికాలం బోధన్‌లో ఉంటుందని మా నాయిన ఊహించి ఉండడు. దాని బూడిద మాత్రం మా తలుపులో దాగి, రేకును లోపలినుంచి తింటూ ఉంది.

అందుకే అంటాను, పాత బండికి మొదట చేయవలసింది మూయడం కాదు, దారులు తెలుసుకోవడం. ఏ రంధ్రం పొరపాటున ఏర్పడిందో, ఏది కావాలని పెట్టినదో తెలియకుండా లప్పం పట్టించేవాడు తుప్పును లోపల పెట్టి తాళం వేస్తున్నాడు. రంగు చివరి పని. చాలామంది దాన్నే మొదటి పని చేసుకుంటారు, అందులో మా తమ్ముడొకడు.

అన్నట్టు, చట్టం కూడా ఈ పక్షానే ఉంది. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజి వాహనాల నిబంధనల ప్రకారం, యాభై ఏళ్ళు దాటి, చట్రం, దేహం, ఇంజను పెద్దగా మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే ఆ గుర్తింపు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, నంబరులో 'వీఏ' అక్షరాలు. మారుతి ఇంజను దించితే ఆ యోగ్యత పోయినట్టే. అయితే నేను ఆ గుర్తింపు కోసం వెళ్ళలేదు. అలా నమోదైన బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ మరమ్మతులకూ తిప్పవచ్చుగానీ, మామూలు రాకపోకలకు వాడరాదు. అమ్మను ఆసుపత్రికి తీసుకుపోవడం ప్రదర్శన కాదు కదా!

మొన్న దసరా తరవాత మళ్ళీ నిజామాబాదు వెళ్ళాం. ముక్కోణపు అద్దాన్ని పూర్తిగా తిప్పి ఉంచాను, గాలి బయటికి పోవడానికి వెనక పక్క అద్దం రెండు వేళ్ళ మందాన తెరిచాను. జానకంపేట దాటేసరికి అమ్మ నిద్రపోయింది. ఎడమ తలుపు అడుగంచున బొటనవేలంత తుప్పు ఇంకా ఉంది. ఆ చలికాలపు పొడి ఎండలు రాగానే గీకి, చిన్న రేకు ముక్క అతికించాలి. రంగెప్పుడని తమ్ముడు ఫోనులో అడుగుతూనే ఉన్నాడు.