నిషిద్ధమైనది ప్రేమా, విద్యా?

సామ్రాజ్యం, బానిస పిల్ల, ప్రభువర్గపు సైనికుడు, వారి మధ్య నిషిద్ధమైన ప్రేమ. ఈ సరంజామాతో యువజనుల కోసం వ్రాసిన అద్భుత నవలలు ఇంగ్లీషులో కుప్పతెప్పలుగా వెలువడుతున్నాయి. మన విద్యార్థులూ వాటిని చదువుతున్నారు. వీటి విషయమై మనలో రెండు వాదాలు వినవస్తున్నాయి. ఇవన్నీ పలాయన సాహిత్యమనీ, అభ్యుదయవాదులు ముట్టదగినవి కావనీ ఒక వాదం. ప్రేమ సామ్రాజ్యపు గోడలను కూలదోస్తుంది గనుక ఇవి స్వభావతః అభ్యుదయకరమైనవేనని మరొక వాదం. మొదటిది సోమరితనం. రెండవది అంతకంటె ప్రమాదకరం. రెండింటినీ ఒక పుస్తకం మీద పరీక్షించి చూద్దాం.

సబా తాహిర్ అనే పాకిస్తానీ-అమెరికన్ రచయిత్రి 2015లో 'ఆన్ ఎంబర్ ఇన్ ది ఆషెస్' అనే నవల ప్రచురించారు. 2020 నాటికి మరి మూడు సంపుటాలతో కథ పూర్తయింది. కాశ్మీరులో సైన్యం పట్టుకుపోగా మళ్ళీ కనిపించని తండ్రుల, అన్నదమ్ముల, భర్తల కోసం ఎదురుచూసే స్త్రీల గురించి, తాను వాషింగ్టన్ పోస్ట్‌లో పనిచేసే రోజుల్లో చదివిన ఒక వార్తే ఈ కథకు బీజమని ఆమె చెప్పారు. ఇటువంటి బీజం నుండి మొలిచిన కథను పలాయనమని ఒక్క మాటతో కొట్టివేయడం విమర్శ అనిపించుకోదు.

కథ ఇది. మార్షల్స్ అనే యోధజాతి అయిదు వందల ఏళ్ళ క్రితం స్కాలర్లను జయించింది. ఒకనాడు గ్రంథాలయాలకు పేరుపడ్డ ఆ జనానికి ఇప్పుడు చదువు నిషిద్ధం. ఒక రాత్రి సైనికులు లాయా అనే పిల్ల ఇంటి మీద పడి, తాతనూ అమ్మమ్మనూ చంపి, అన్న డారిన్‌ను పట్టుకుపోతారు. అన్నను విడిపించుకోవడానికి ఆమె తిరుగుబాటుదారుల గూఢచారిణిగా సైనిక విద్యాలయానికి బానిస వేషంలో వెళుతుంది. అక్కడి అధిపతురాలి కొడుకు ఎలయాస్. సామ్రాజ్యపు కత్తిగా పెరిగి, ఆ బ్రతుకు సహించలేక పారిపోజూస్తున్నవాడు. వీరిద్దరి మధ్య ప్రేమ అంకురిస్తుంది.

దీన్నే 'నిషిద్ధ ప్రేమ' అంటున్నారు. ఎవరు నిషేధించారు? నవల తెరచి చూడండి. మూడవ పరీక్ష ముగిశాక లాయాను ఎలయాస్ గదికి పంపినది సామ్రాజ్యమే, బహుమానంగా! బానిస పిల్ల ప్రభువు గదిలోకి పోవడం ఆ రాజ్యంలో నేరం కాదు, రివాజు. అతడు ఆమెను మనిషిగా చూడడమే అక్కడ వింత.

నిజమైన బానిస వ్యవస్థలు చేసినదీ ఇదే. 1662లో వర్జీనియా వలసలో ఒక చట్టం చేశారు. బిడ్డకు తల్లి స్థితే సంక్రమిస్తుందన్నది దాని సారం. అంటే యజమాని వల్ల బానిస స్త్రీకి కలిగిన బిడ్డ కూడా బానిసే. అదే చట్టంలో అటువంటి సంబంధానికి జరిమానా కూడా వ్రాశారు. కాని జరిమానా ఒకసారి కట్టేది, బిడ్డ జీవితాంతం చాకిరీ చేసే ఆస్తి. ఇక దక్షిణ కెరొలైనాలో 1739లో బానిసలు తిరగబడ్డారు. మరుసటి సంవత్సరమే, 1740లో, బానిసకు వ్రాత నేర్పడం అక్కడ నేరమైంది. పాలకవర్గానికి దేనివల్ల లాభమో, దేనివల్ల భయమో ఈ రెండు చట్టాలే చెబుతున్నాయి.

ఈ దృష్టితో నవలను మళ్ళీ చదివితే దాని అసలు నేరం కనిపిస్తుంది. అది ప్రేమ కాదు, డారిన్ బొమ్మల పుస్తకం. మార్షల్స్ కత్తులు విరగని ఉక్కువి. ఆ ఉక్కు తయారీ రహస్యమే వారి రాజ్యానికి పునాది. డారిన్ పుస్తకంలో కొలిమి బొమ్మలూ కత్తుల బొమ్మలూ ఉన్నాయి. వాటి కోసమే అతణ్ణి చెరబట్టారు. ఆ విద్యను అతనికి నేర్పినవాడు మరెవరో కాదు, సామ్రాజ్యంలో పేరెన్నికగన్న మార్షల్ కమ్మరి టెలుమన్! పాలకజాతి శ్రామికుడు పాలిత జాతి కుర్రవాడికి తన పనితనాన్ని చేతికిచ్చాడు. ఈ నవలలో నిజంగా గోడ దాటిన సంబంధం ఇదే. సామ్రాజ్యం వణికింది కొలిమి దగ్గర జరిగిన ఈ పాఠానికే.

ఇంత గొప్ప వస్తువును చేతబట్టుకొని రచయిత్రి ఏం చేశారు? కమ్మరికి కొద్ది పుటలు విదిలించి, ముద్దులకూ అలకలకూ కావలసినంత చోటిచ్చారు. పైగా ఎవరు చక్రవర్తి కావాలో నిర్ణయించే పరీక్షలను భవిష్యత్తు తెలిసిన, చావులేని ఆగర్ల చేతిలో పెట్టారు. తిరుగుబాటు నాయకుడు ద్రోహి అవుతాడు. ఉద్యమాలలో ద్రోహులు లేరని ఎవరంటారు? ఉన్నారు. కాని సంఘం ద్రోహం చేస్తుంది, హృదయం మాత్రం మోసగించదు అనే తీర్పు పాలకులకు ఎంత ప్రియమైనదో గమనించాలి. అయిదు వందల ఏళ్ళు అణగివున్న స్కాలర్ల జనసామాన్యం ఈ మొదటి సంపుటంలో నేపథ్యంగానే మిగిలిపోయింది.

ఈ లోపాన్ని గుణంగా అమ్ముతున్నది పుస్తక వ్యాపారం. 'నిషిద్ధ ప్రేమ' అనే చీటీ అంటిస్తే సరకు చెల్లుతుంది. 'నిషిద్ధ విద్య' అంటే ఆలోచన మొదలవుతుంది. ప్రేమ అల్పమని నేననడం లేదు. ఇద్దరు ప్రేమికులు గోడ దాటి పారిపోయినంత మాత్రాన గోడ పడిపోదని మాత్రమే అంటున్నాను. ఎలయాస్ వెళ్ళిపోయాడు. అతనికంటె క్రూరుడైన మార్కస్ సింహాసనమెక్కాడు. దీన్నయినా దాచకుండా వ్రాసినందుకు రచయిత్రిని మెచ్చుకోవలసిందే.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఇది. ఈ పుస్తకాన్ని విద్యార్థి చేతిలోనుంచి లాక్కోకండి. లాయా ఎవరిని వరిస్తుందని వాడు తనంతట తానే అడుగుతాడు. ఆ కత్తి ఎవరు చేశారు, ఆ బొమ్మల పుస్తకానికి రాజ్యం ఎందుకు భయపడింది అని మీరు అడగండి.