ఆడబాప: చట్టం పేరు పెట్టని బానిస

గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యే అన్నయ్యో అక్కయ్యో ఇంట్లో ఉంటే ఈ బిట్ మీ చెవిన పడే ఉంటుంది. ఆడబాప అంటే ఎవరు? దొర కూతురికి పెళ్ళైనప్పుడు ఆమె వెంట అత్తారింటికి పంపే దాసి. ఒక మార్కు. తర్వాతి బిట్.

ఆ జవాబు తప్పు కాదు. కానీ సగమే. మిగతా సగం గురించి మనం మాట్లాడుకోవాలని నా అభిప్రాయం.

నిజాం కాలపు తెలంగాణ పల్లెల్లో గడీకి ఊరంతా వెట్టి చేసేది. బట్టలుతికేవాళ్ళు, కుండలు చేసేవాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు అందరూ కూలి లేకుండానే పని చేయాలి. అయినా రాత్రికి వాళ్ళకంటూ ఒక గుడిసె ఉండేది. ఆడబాపకి అదీ లేదు. పగలూ రాత్రీ గడీలోనే. దొరసాని బిడ్డకి పెళ్ళైతే ఆవులనీ నగలనీ అరణం ఇచ్చినట్టే ఆమెనీ ఇచ్చి పంపేవారు. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో, గడీల దోపిడీ రూపాలన్నిటిలోకీ ఇదే ఘోరమైనదని అన్నారు. దొరలు ఈ అమ్మాయిలని ఉంపుడుగత్తెలుగా వాడుకున్నారనీ రాశారు.

ఆ 'ఉంపుడుగత్తె' అన్న మాట దగ్గరే నాకు పేచీ. వింటే అదేదో ఇష్టపడి పెట్టుకున్న సంబంధంలా ఉంటుంది. 'వాళ్ళకి గడీలో తిండికీ బట్టకీ లోటు లేదుగా' అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నేను మూడే ప్రశ్నలు అడుగుతాను. ఆమె గడప దాటి వెళ్ళిపోగలదా? దొరని వద్దనగలదా? కడుపున పడ్డ బిడ్డ ఆమెదేనా? మూడింటికీ 'కాదు' అనే జవాబొస్తే దాని పేరు బానిసత్వం.

మూడో ప్రశ్న చిన్నది కాదు. అమెరికాలోని వర్జీనియా కాలనీ 1662లో ఒక చట్టం చేసింది. తల్లి బానిసైతే బిడ్డా బానిసే, తండ్రి ఎవరైనా సరే. అంటే యజమాని చేసిన అత్యాచారం వల్ల పుట్టిన బిడ్డ కూడా ఆ యజమాని ఆస్తే! మన దగ్గర దీన్ని కాగితం మీద ఎవరూ రాయలేదు. ఆచారమే ఆ పని చేసింది. బి. నర్సింగరావు గారి 'దాసి' (1988) సినిమా చూడండి. అందులో కడుపు ఉంచుకోవాలో తీయించుకోవాలో తేల్చేది గడీయే. ఆ పాత్ర వేసిన అర్చనకి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది.

ఇక చట్టం సంగతి. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టంలో దేశం నలుమూలల వాడుకలో ఉన్న సుమారు ముప్పై పేర్లు వరసగా ఉంటాయి. జీత, పాలేరు, భగేలా, వెట్టి అన్నీ ఉన్నాయి. ఆడబాప లేదు. 'అప్పటికే గడీలు పడిపోయాయి కదా' అనొచ్చు. మరి వెట్టి పేరు ఎందుకుంది? నాకు తోచిన కారణం ఇది: ఆ జాబితా అప్పుని, ఒప్పందాన్ని, పనిని చూసింది. ఆడబాప ఏ అప్పూ తీసుకోలేదు, ఏ ఒప్పందం మీదా వేలిముద్ర వేయలేదు. రాత్రిపూట ఆమె మీద జరిగినదాన్ని పనిగానూ లెక్కేయలేదు, నేరంగానూ చూడలేదు. అది 'పెద్దింటి విషయం' అయిపోయింది. సిగ్గు మాత్రం ఆమెకే మిగిలింది. మన భాషలో 'దాసీపుత్రుడు' అనేది తిట్టు. దాసిని చేసినవాడికి మాత్రం అలాంటి తిట్టు లేదు.

1946లో పదేళ్ళున్న ఆడబాపకి ఇప్పుడు సుమారు తొంభై ఏళ్ళుండాలి. చెప్పగలిగినవాళ్ళు దాదాపు లేరు. స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు ఎనభైల్లోనే పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ మాటలు వాళ్ళ నోటే విని 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చారు. మనకి ఆ టైం కూడా లేదు.

మనలో చాలామందికి వరంగల్, నల్గొండ, కరీంనగర్ వైపు ఊళ్ళున్నాయి. పాత గడీల్లో రీల్స్, ప్రీ వెడ్డింగ్ షూట్లు బాగానే నడుస్తున్నాయి. వద్దనడం లేదు. ఈసారి సెలవులకి వెళ్తే ఆ గడీలో ఆడబాపలు ఉండే గది ఎటువైపో ఊళ్ళో పెద్దవాళ్ళని అడగండి. ఎవరి పిల్లలు ఎవరని మాత్రం అడగొద్దు, ఆ కుటుంబాలు ఇంకా ఆ ఊళ్ళోనే ఉండొచ్చు. విన్నది రాసి పెట్టండి, పేర్లు లేకుండా. రాసేటప్పుడు 'ఉంపుడుగత్తె' అనొద్దు. బానిస అని రాయండి.