గుమాస్తా కబుర్లు: ఏ మందు? ఏ అంకె?

మన భాషలో "మందు" అన్న మాట ఎంత ఉదారమైనదో చూడండి. జ్వరానికి వేసుకునేదీ మందే, చేలో చల్లేదీ మందే, పురుగుకు కొట్టేదీ మందే, తుపాకిలో కూరేదీ మందే. సాయంత్రంపూట కొందరు పుచ్చుకునేది సరేసరి! ఇరుగుపొరుగు ఒడియా రైతు "ఔషధ" అన్నా దాదాపు ఇదే గొడవ. కస్టమ్సు సుంకాల పట్టికకు మాత్రం ఈ ఉదారత లేదు. ఔషధాలు 30వ అధ్యాయం, ఎరువులు 31, తుపాకిమందు 36, పురుగుమందులు 38. ఆ సాయంత్రపు సరుకు 22.

విశాఖ రేవులో దిగే సరుకుల లెక్క టికిరిలో కూర్చున్న మనకెందుకంటారేమో. 2017 జూలైలో వచ్చిన జీ.ఎస్.టీ. కూడా ఆ అంకెలనే పట్టుకుంది గనక, ఆ పట్టిక మన ఊరి కొట్లో సీసా దాకా వచ్చేసింది. మొన్న మా వీధిలో ఒకాయన రెండు సీసాల బిల్లు తెచ్చి, "ఏమండీ, రెండూ ఆకుమీద కొట్టేవే గదా! ఒకదానికి నూటికి 5, రెండోదానికి 18 ఏమిటి?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. మొదటిది సూక్ష్మపోషకాలు, మొక్కకు తిండి. ఎరువుల నియంత్రణ ఉత్తరువు ప్రకారం తయారైనది గనక దానికి 5. రెండోది పెరుగుదలను అదుపు చేసే మందు, దాని చోటు 3808. అయిదువందల సరుకుకు తేడా 65 రూపాయలు. వ్యాపారి తాను కట్టిన పన్నును జమ వేసుకుంటాడు. రైతుకు ఆ దారి లేదు, మొత్తం ఆయన నెత్తినే.

వస్తువు ఏమిటన్నదే కాదు, ఎలా కట్టారన్నదీ చూస్తారు. మైలుతుత్తం ముడి రసాయనంగా వస్తే 2833. దాన్నే తెగులుమందుగా చిల్లర పొట్లాలు కడితే 3808. వేపనూనె 1515, వేపపిండి 2306, వేపతో చేసిన పురుగుమందు 3808. చెట్టు ఒక్కటే! యూరియా 3102లో ఉంటుంది గాని, 10 కిలోలు మించని సంచిలో కడితే 3105కు పోతుంది. ఈగలంటుకునే కాగితానికి కూడా 3808లో పేరుపెట్టి చోటిచ్చారంటే, పట్టిక రాసినవారి ఓపికకు దండం పెట్టాలి.

ఈ సూక్ష్మపోషకాలు ఎరువా, పెరుగుదల మందా అన్నదానిమీద ఎక్సైజు శాఖకూ తయారీదారులకూ పెద్ద వ్యాజ్యమే నడిచింది. ఎరువుగానే లెక్కించండని 1994లో బోర్డు సర్క్యులరు పంపింది. అయినా శాఖ కోర్టులో అడ్డం తిరిగింది. 1996లో రానడే మైక్రోన్యూట్రియెంట్స్ కేసులో సుప్రీంకోర్టు, బోర్డు సర్క్యులరుకు విరుద్ధంగా వాదించే హక్కు శాఖకు లేదని తేల్చింది. గుమాస్తాలకు ఇంతకంటె ఇంపైన తీర్పు ఉండదు. పై బల్లమీది కాగితం మమ్మల్ని కట్టిపడేస్తుంది గదా, పంపినవారిని కూడా కట్టాలి మరి.

2025 సెప్టెంబరు 22 నుంచి సూక్ష్మపోషకాలకూ, వేపమందు, ట్రైకోడెర్మా వంటి జీవ పురుగుమందులకూ పన్ను 12 నుంచి 5కు దిగింది. అయితే సీసామీద "బయో" అని అచ్చువేసినంత మాత్రాన చాలదు, ప్రభుత్వం ఇచ్చిన పట్టీలో దాని పేరుండాలి. పెరుగుదల మందుల్లో జిబ్బరెల్లిక్ ఆమ్లానికి కూడా ఇప్పుడు 5 మాత్రమే.

అందుకని ఆయన రెండో సీసా తెప్పించి, చీటీమీది సన్నక్షరాలు చదివాను. జిబ్బరెల్లిక్ ఆమ్లమే. ఆయన సీసా, బిల్లు సంచిలో వేసుకుని నేరుగా కొట్టుకు వెళ్లారు. కొట్టువారు కాస్త గొణిగి, బిల్లు తిరగరాసి, 65 రూపాయలు చేతిలో పెట్టారట.