బల్లమీది స్పీకర్లు

మా విద్యార్థులలో పలువురు నేడు సాయంకాలపు పఠనమును కంప్యూటరు నెదుట కూర్చుండి సాగించుచున్నారు. 2020 వ సంవత్సరమున పాఠశాలలు మూతవడినప్పుడు మొదలైన యీ యలవాటు, తలుపులు తెఱచిన పిదపను నిలిచియే యున్నది. పాఠము వినబడుచున్నదే గాని మాట తెలియుట లేదని కొందఱు మాతో మొఱపెట్టుకొనిరి. శ్రుతలేఖనములో "శ" కు మాఱుగా "స" వ్రాసిన యొక బాలుని మేము మొదట మందలించితిమి. పిదప వాని యింటికి పోయి, వాడు ప్రతిదినమును వినుచున్న స్పీకర్లను మేమును విన్నప్పుడు, ఆ మందలింపును వెనుకకు తీసికొనవలసి వచ్చినది.

ఆ స్పీకర్లు రెండును తెర వెనుక గోడకానుకొని బల్లపై చతికిలబడి యుండెను. ఒకటి కిటికీవైపు తిరిగి యుండెను. బాలుని తండ్రిగారు, "మేష్టరుగారూ, ఇవి మరీ చిన్నవండీ. బజారులో పెద్ద పెట్టెలు వచ్చినవి, అవి కొందునా?" అని యడిగిరి.

కొనవలదని మేమనము, పెద్దవానిని కొనవలదనియే మా యభిప్రాయము. సభామంటపమునకు తగిన వస్తువు వేఱు, రెండు మూరల దూరమున కూర్చుండి వినువానికి తగిన వస్తువు వేఱు. దూరము సగమైనచో సూటిగా వచ్చు ధ్వని 6 డెసిబెల్లులు హెచ్చును. ఒక వాటు శక్తితో ఒక మీటరు దూరమున 85 డెసిబెల్లుల నిచ్చు సామాన్యపు స్పీకరు, అర మీటరు దూరమున 91 నిచ్చును. మనుష్యులు నెమ్మదిగా సంభాషించుకొను ధ్వని సుమారు 60 డెసిబెల్లులు మాత్రమే. కావున పాఠము వినుటకు వాటులో నూఱవ వంతు చాలి మిగులును. సంగీతములో ఆకస్మికముగా లేచు ధ్వనులకు ఇంతకు నూఱింతలు కావలసినను కొలది వాట్లతో పని తీరిపోవును. ఇట్లుండగా పెట్టెలపై పి.యం.పి.ఓ. అను అక్షరముల ప్రక్క అచ్చువేయు వేలకొలది వాట్లకు నిర్ణీతమైన ప్రమాణమే లేదు. మేమును ఒకప్పుడు అట్టి యంకెను నమ్మి ప్రార్థనామందిరమునకు ఒక జతను కొని విచారించితిమి. ఆ యంగడి పేరు చెప్పుట మా యుద్దేశము కాదు.

అసలు దోషములో సగము బల్లదే. స్పీకరునుండి చెవికి తిన్నగా వచ్చు ధ్వని యొకటి. బల్లపై తగిలి లేచి వచ్చునది మఱియొకటి. సెకనుకు సుమారు 343 మీటర్లు పోవు ధ్వనికి, రెండవ దారి అఱచేతి వెడల్పు ఎక్కువైనను సెకనులో నాలుగువేలవ వంతు ఆలస్యమగును. ఇంత స్వల్పమునకు ఏమగునని యనుకొనరాదు. ఆ యాలస్యమువలన రెండు ధ్వనులును సుమారు 2000 హెర్ట్జుల యొద్ద ఒకదాని నొకటి అణచుకొనును. మాటలోని హల్లులు స్పష్టపడుటకు ముఖ్యమైన తావు అదియే. గోడకానించుటచే మంద్రధ్వని ఉబ్బి మిగిలిన దానిని కప్పివేయును. పైగా "స", "శ" ల బుసధ్వని చాల హెచ్చు స్థాయిది. అది స్పీకరు ముఖమునకు సూటిగా పోవునే గాని ప్రక్కలకు చక్కగా వ్యాపింపదు. కిటికీవైపు తిరిగిన స్పీకరు ఆ యక్షరములను కిటికీకే వినిపించును!

దీనికి మందు రెండిటుకలు. వానికి గుడ్డ చుట్టి, పైన పాత సైకిలు ట్యూబు ముక్కలు పఱచి, వానిపై స్పీకర్లను నిలిపి, చిన్న గుండ్రని ట్వీటరు చెవి యెత్తునకు వచ్చునట్లు అమర్చవలయును. రెండింటి నడుమ ఎంత దూరమో, ఒక్కొక్కదానికిని తలకును అంతే దూరము ఉండవలయును. ముఖములు వినువానివైపు తిరిగి యుండవలయును. ఇటుకలకు మాఱుగా నిఘంటువులను పేర్చిన యొక పై తరగతి విద్యార్థితో మాత్రము మేము ఏకీభవింపజాలము.

ఇంత చేసిన పిదపను స్పష్టత చాలనిచో అప్పుడు కొనవచ్చును. చిన్న పెట్టెను చులకన చేయువారికి ఒక దృష్టాంతము కలదు. 1970 దశకమున బి.బి.సి. యింజనీర్లు, బయటి కార్యక్రమముల ప్రసారమునకు వాడు ఇఱుకైన వాహనములలో దగ్గఱనుండి వినుటకై ఎల్.యస్. 3/5ఎ అను స్పీకరును రూపొందించిరి. దాని యెత్తు సుమారు 12 అంగుళములు, వెడల్పు ఏడున్నర. వారి పరీక్షలలో మనుష్యకంఠము ముఖ్యమైన ఒఱగల్లు. మనకును అదియే మేలు. కొనబోవువారు తమ తల్లి కంఠమునో, నిత్యము వినెడి యుపాధ్యాయుని కంఠమునో ఫోనులో పట్టుకొనిపోయి, అంగడిలో దానిని మెల్లని ధ్వనిలో వినవలయును. బిగ్గరగా పెట్టినచో ఏ స్పీకరైనను క్షణకాలము మురిపించును. ఆంప్లిఫైయరు లోపలనే యుండి, నాలుగైదంగుళముల వూఫరును వేఱుగా ట్వీటరును గల జత చాలును. దానిని తీగతో కలుపుటయే మేలు; బ్లూటూతులో ధ్వని యించుక వెనుకబడుటచే కంప్యూటరుపై వాద్యము సాధన చేయువారికి తాళము తప్పును.

చెవిలో దూర్చుకొను పరికరములుండగా ఈ వ్యయమేల యని కొందఱందురు. పదిమంది నడుమ వసతిగృహములో నుండువారికి అవే గతి యని మేమును ఒప్పుకొందుము. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారమునకు 40 గంటలు వినువారికి, పెద్దలకు 80 డెసిబెల్లులు, బాలురకు 75 అని హద్దు పెట్టినది. చెవిలో నున్నదాని ధ్వని ఎంత హెచ్చినను ప్రక్కవానికి తెలియదు. బల్లపై హెచ్చినచో వంటయింటినుండి తల్లి కేకవేయును.

చిన్న స్పీకర్లలో మృదంగపు తొప్పి గంభీరత నిండుగా పలుకదన్నది నిజము. ఆ లోపమును మేము దాచము. పైన చెప్పిన బాలుని యింట ఇటుకలు పెట్టిననాడే సగము బాగుపడినది. మఱుసటి నెలలో తండ్రిగారు చిన్న జత యొకటి కొనిరి. మొన్నటి శ్రుతలేఖనములో వానికి "శ", "స" లు సరిగానే వచ్చినవి. "ళ" కు "ల" వ్రాసినాడు. అది స్పీకర్ల తప్పు కాదు.