ఎవరి గడియారం?

మన పూర్వులకి రోజుకి అరవై గడియలు. గడియ అంటే ఇరవైనాలుగు నిమిషాలు. సూర్యుడు పొడిచింది మొదలు లెక్క గనక ఏ వూరి గడియ ఆ వూరిదే. బందరులో మిట్టమధ్యాహ్నమయినప్పుడు బళ్ళారిలో ఇంకా కాలేదని ఎవరూ దెబ్బలాడుకోలేదు. ఈ వూరి కబురు ఆ వూరు చేరేసరికి ఎన్నో రోజులు పట్టేది, ఇక నిమిషాలతో ఎవరికేం పని?

రైలు వచ్చాకే గొడవ మొదలయింది. బండి ఎన్నింటికి వస్తుందో అచ్చువేసి చెప్పాలంటే దారి పొడుగునా ఒకటే గడియారం వుండాలి. అందుకని మన రైళ్ళు చాలాకాలం మద్రాసు కాలాన్నిబట్టి నడిచాయి. 1906 జనవరి 1 నుంచి ఇప్పుడు మనం వాడుతున్న కాలం వచ్చింది. దానికి ఆధారం ఎనభై రెండున్నర డిగ్రీల తూర్పు రేఖాంశం. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్కకట్టి చూడండి, గ్రీన్‌విచ్ కంటే సరిగ్గా అయిదున్నర గంటలు ముందు. ఆ గీత అక్కడెక్కడో మిర్జాపూరు పక్కనుంచి దిగి, మన కాకినాడ దగ్గర సముద్రంలో కలుస్తుంది. కాకినాడవారు కాజాతో పాటు దీన్ని కూడా గొప్పగా చెప్పుకోవచ్చు.

అయితే జనం మాత్రం కిమ్మనకుండా ఒప్పుకోలేదు. బొంబాయివారు ముప్ఫై తొమ్మిది నిమిషాలు వెనకవున్న తమ పాత కాలాన్నే పట్టుకు కూర్చున్నారు. 1955 దాకా అది వాడుకలో వుంటూనే వచ్చింది. అస్సాం తేయాకు తోటల్లో ‘బాగాన్ టైము’ అని గంట ముందు నడిచే లెక్క ఒకటి వుంది. అక్కడ తెల్లవారడం తొందర, వెలుతురు వుండగానే కూలీల్ని పనిలోకి దింపాలి గదా! గడియారం ముల్లు ఎప్పుడూ పని చేయించేవాడి చేతిలోనే వుంటుందేమోనని నాకు చాలాకాలంగా అనుమానం.

ఈ పాత పురాణం ఇప్పుడెందుకని అడుగుతారేమో. హైదరాబాదులో రాత్రి పదకొండింటికి మాదాపూరు వైపు ఓసారి వెళ్ళి చూడండి. వాటాలు వాటాలుగా దీపాలు వెలుగుతూనే వుంటాయి. టీ బండి దగ్గర పిల్లలు గుంపులుగా నిలబడి వుంటారు. మన వూళ్ళో రాత్రి పదకొండయితే ఏం, వాళ్ళకి ఇంకా పని వేళే.

మొదట్లో కథ ఇలా లేదు. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన రోజుల్లో మన చదువుకున్న పిల్లలకి దొరికిన పనుల్లో వైద్యుల మాటలు టైపు చెయ్యడం ఒకటి. అమెరికాలో డాక్టరుగారు పగలంతా రోగుల్ని చూసి, ఎవరికేం జబ్బో, ఏం మందు రాశారో రికార్డుచేసి ఇంటికి పోయేవారు. ఆయన పడుకున్న వేళ మనకి పట్టపగలు. మనవాళ్ళు ఆ మాటలు విని టైపుచేసి పంపిస్తే, మర్నాడు ఆయన వచ్చేసరికి కాగితాలు సిద్ధం. ఆ కాలభేదం మనకి వరమే అయింది. ఎవరి నిద్రా చెడలేదు, పని మాత్రం రేయింబవళ్ళు సాగింది. ప్రోగ్రాములు రాసే పనికి కూడా ఇదే సుఖం. సాయంత్రం అక్కడివాళ్ళు వదిలింది పొద్దున్నే ఇక్కడివాళ్ళు అందుకోవచ్చు.

మరి చెడిందెక్కడ? మీటింగు దగ్గర. పని చేతులు మారడానికి ఎవరి నిద్రా పోనక్కర్లేదు. ఇద్దరూ ఒకే క్షణంలో మాట్లాడుకోవాలంటేనే ఎవరో ఒకరు మేలుకోవాలి. ఆ మేలుకునేది ఎవరో నేను వేరే చెప్పాలా? బిల్లు కట్టేవారి పగటివేళే పగటివేళ. మన తాతలు రంగూనుతో బియ్యం వ్యాపారం వుత్తరాలమీద నడిపారు. ఈనాడు సముద్రానికి ఆవల ఏం జరిగిందో ఒక పేజీలో రాసి పంపడానికి బద్ధకం. రాస్తే అయిదు నిమిషాల్లో అయిపోయే సంగతికి పదిమందిని రాత్రి పదింటికి తెరల ముందు కూర్చోబెడతారు. అందులో సగంమంది నోరు విప్పరు. ‘కనిపిస్తోందా, వినిపిస్తోందా’ అనుకోవడంతోనే కొంత కాలం గడిచిపోతుంది.

యంత్రానికి మాత్రం ఈ తికమక లేదు సుమండీ. లోపల అది లెక్కపెట్టేది సెకండ్లే. చాలా కంప్యూటర్లకి 1970 జనవరి 1 గ్రీన్‌విచ్ అర్ధరాత్రి లెక్కకి మొదలు. ఏ దేశంలో ఎంతయిందో చెప్పడానికి పక్కన ఒక పెద్ద పట్టిక పెట్టుకుంటుంది. అందులో మన దేశం పేరు ‘ఏసియా, కోల్‌కతా’ అని వుంటుంది. కాకినాడవారికి అన్యాయమే! ఆ పట్టికకి పెద్ద చాకిరీ గడియారాలు మార్చుకునే దేశాలవల్ల వచ్చింది. అమెరికావారు మార్చి రెండో ఆదివారం గంట ముందుకి జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి లాగుతారు. మన గోడ గడియారం ఎవ్వరూ ముట్టుకోరు. అయినా నవంబరు వచ్చేసరికి మాదాపూరులో సాయంత్రం ఆరున్నర మీటింగు కాస్తా ఏడున్నర అవుతుంది, కేబు ఇంటికి చేరడం గంట ఆలస్యం, అన్నం కూడా గంట ఆలస్యం. వాషింగ్టనులో చేసిన చట్టానికి ఇక్కడ ఒక ఇల్లాలు పులుసు రెండోసారి వెచ్చబెడుతోంది.

అసలు చెప్పదలచింది ఆ ఇంటి సంగతి. నేనెరిగిన ఒక కుటుంబంలో కొడుకూ కోడలూ ఇద్దరూ ఇలాంటి వుద్యోగాలే చేస్తున్నారు. ఇద్దరూ పడుకునేసరికి ఒంటిగంట దాటుతుంది. పొద్దున్న ఎనిమిదయినా కొడుకు లేవకపోతే తల్లి తలుపు దగ్గరగా వేసి, ‘నెమ్మదిగా మాట్లాడండి, వాడు రాత్రంతా పనిచేశాడు’ అంటుంది. అదే కోడలు ఏడింటికి లేస్తే పక్కింటావిడతో, ‘మా కాలంలో ఇలా వుండేదా వదినగారూ, పొద్దెక్కేదాకా పడక!’ అంటుంది. ఆవిడ చెడ్డమనిషి కాదు. కోడలికి జ్వరం వస్తే కంటిమీద కునుకు లేకుండా చూసింది. ఆవిడ మనసులో ఇంటికి వున్న గడియారం ఒకటే, దాన్ని సాకవలసింది ఆడది. పాలవాడు ఆరింటికి, పిల్లవాడి బడి బస్సు ఏడుంపావుకి, పనిమనిషి ఎనిమిదికి వస్తారు. కోడలు ఈ గడియారానికీ, న్యూయార్కు గడియారానికీ కూడా బంటు. ఆ పిల్ల జీతం ఇంటి అప్పు వాయిదాకి పోతోందని కూడా అత్తగారికి తెలుసు. పోనీ, ఆ బడి బస్సు దగ్గరికి కొడుకుని పంపితే? అడగడానికి ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరికీ తోచలేదు.

ఇది వట్టి అలసట మాటే అయితే సరిపెట్టుకోవచ్చు. ఒంట్లోని గడియారం కణాల లోపల ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకి వైద్యంలో నోబెల్ బహుమానం ఇచ్చారు. రాత్రి డ్యూటీలు కేన్సరుకి బహుశా కారణం కాగలవని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి కేన్సరు పరిశోధన విభాగం 2007లో అన్నది, 2019లో మళ్ళీ పరిశీలించి అదే చెప్పింది. పదింటి మీటింగూ తెల్లవార్లూ మెలకువా ఒకటి కాదు, నిజమే. కాని రెండుకీ పడుకుని ఆరింటికి లేచే మనిషికి ఆ తేడా చెప్పి ఏం లాభం?

పంచాంగం రాసేవారు ఈ చిక్కుని ఎంత మర్యాదగా తీర్చారో చూడండి. తిథి మొదలయ్యే క్షణం లోకానికంతకీ ఒకటే. పండుగ మాత్రం ఎవరి సూర్యోదయాన్నిబట్టి వారికి. అందుకే అమెరికాలోని మన పిల్లలకి ఉగాది ఒక్కోసారి మనకంటే ఒక రోజు ముందే వస్తుంది. ఇక్కడి తల్లులు, ‘అదేమిట్రా, ఇవాళే పచ్చడి తినేశావా!’ అని ఫోనులో గాభరా పడతారు గాని, లెక్క సరయినదే. ఎవరి సూర్యుణ్ణి వారికి వదిలేశారు.

కంపెనీలవారు అంత దూరం రాకపోయినా కొంత దూరం రావచ్చు. ఫ్రాన్సులో 2017 నుంచీ, ఆస్ట్రేలియాలో 2024 నుంచీ పనివేళ దాటాక ఆఫీసు కబుర్లకి బదులివ్వకుండా వుండే విషయంలో చట్టాలున్నాయి. మనకి చట్టం ఎప్పుడొస్తుందో గాని, సర్దుబాటుకి చట్టం అక్కర్లేదు. న్యూయార్కులో పొద్దున్న ఏడంటే మనకి వేసవిలో సాయంత్రం నాలుగున్నర, చలికాలంలో అయిదున్నర. కాలిఫోర్నియాలో ఏడంటే ఏడున్నర, ఎనిమిదిన్నర. నెలా నెలా వంతులు వేసుకోవచ్చు. ఒక నెల మనవాళ్ళు రాత్రి కూర్చుంటే, మరుసటి నెల వాళ్ళు పొద్దున్నే లేస్తారు. మిగిలిందంతా కాగితంమీద రాసుకుంటారు. ఈ మాట పైవారిని అడిగి సాధించిన పిల్లలు నాకు కొందరు తెలుసు. అడగకుండా ఎవరూ ఇవ్వలేదట. ఒకమ్మాయి అడిగినప్పుడు అవతలి పెద్దమనిషి, ‘ఏడింటికి వీలుపడదు, పిల్లల్ని బడికి దింపాలి’ అన్నాడట. తనకీ ఒక పిల్లవాడున్నాడనీ, ఆ మీటింగు వేళకే వాడు కథ చెప్పమని కొంగు పట్టుకుంటాడనీ ఆ అమ్మాయి జవాబు చెప్పింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాతి సోమవారం నుంచి వంతులు మొదలయ్యాయి.